వర్జ్యం వదిలాక సిగ్నల్ పోయింది

మా తిరువూరుకి రైలు లేదు. రైలెక్కాలంటే ముందు బస్సెక్కి మధిర పోవాలి, లేదంటే విజయవాడ పోవాలి. ఇంటి వెనక నుంచి రైలు పోయే ఊళ్ళవాళ్ళకి దానంటే లెక్క ఉండదు. మాకు మాత్రం రైలంటే పెద్దింటి చుట్టంతో సమానం. గంట ముందు వెళ్ళి దానికోసం నిలబడతాం, అది ఎంత ఆలస్యంగా వచ్చినా కిక్కురుమనం, ఎక్కనిస్తే చాలనుకుంటాం. అలాంటి రైలుని నమ్ముకుని మా నాన్న నా పెళ్ళి మాట పెట్టుకున్నారు. ఇన్నేళ్ళయినా ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తరవాతే నవ్వొస్తుంది.

నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. తాత ముత్తాతలు గుళ్ళో అర్చకత్వం చేసినవాళ్ళు. ఆయన ఉద్యోగంలోకి వచ్చేశారు గానీ పంచాంగం మాత్రం ఆయన్ని వదల్లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి మా అరుగు మీద ముగ్గురో నలుగురో కూర్చుని ఉండేవారు. బోరు ఎప్పుడు వేయించాలి, పత్తి గింజలు ఎప్పుడు పెట్టాలి, ట్రాక్టరు ఎప్పుడు తెచ్చుకోవాలి, అన్నిటికీ నాన్నే. పెనుగొలను నుంచి కూడా వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఆయన ముహూర్తం పెట్టి వేయించిన బోర్లలో సగం ఎండిపోయాయి. అయినా ఒక్కరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, తమ భూమినే తిట్టుకున్నారు.

ఊరికి ఒక పట్టింపయితే మా ఇంటికి నాలుగు. "పదిమందికి చెప్పేవాడు తన ఇంట్లో తప్పితే ఇంక చెప్పడమెందుకు" అనేవారు నాన్న. జుట్టు కత్తిరించుకోవడానికి వారం, కొత్త చీపురు తీయడానికి వారం. ఒక వేసవిలో ముక్కలు కొట్టించి పెట్టుకున్న అమ్మని వర్జ్యం పోయేదాకా ఆవకాయ కలపొద్దన్నారు. ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది. అమ్మ జాడీ తెచ్చి ఆయన ముందు పెడితే, "వర్జ్యంలో కలిపుంటే ఇంకా ఎక్కువ పట్టేది" అన్నారు. ఆయనతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

ఆయన సెల్‌ఫోను కొన్నది ఈ సంగతికి రెండు నెలల ముందు. అప్పుడప్పుడే మా ఊళ్ళో అందరి జేబులూ మోగడం మొదలయింది. నాన్న మంచిరోజు చూసి ఫోను ఆన్ చేశారు. దాన్ని చేతిరుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. మోగితే రుమాలు విప్పేలోపు ఆగిపోయేది. మా ఇంట్లో మేడమెట్ల మీద అయిదో మెట్టు దగ్గర మాత్రమే సిగ్నల్ దొరికేది. అది దొరికినప్పుడు ఆయన ఎంత దూరం మాట్లాడుతున్నారో అంత గట్టిగా అరిచేవారు. విజయవాడ అయితే ఒక మాదిరి, హైదరాబాదు అయితే పక్కింటి గేదె లేచి నిలబడేది. మా ఇల్లు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడైనా ఫోను బాగానే పలుకుతుందని, లోపమంతా మా ఇంటి వాస్తులోనే ఉందని ఆయన నమ్మకం. అసలు చిక్కంతా ఆ నమ్మకం దగ్గరే వచ్చింది.

నన్ను చూడ్డానికి నూజివీడు నుంచి వచ్చారు. గురువారం, త్రయోదశి, నాన్న పెట్టిన వేళే. అబ్బాయి, వాళ్ళ నాన్నగారు, వాళ్ళ అమ్మగారు. అమ్మ కంగారులో ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేసింది. వాళ్ళ అమ్మగారు ఒక చెంచా తిని పళ్ళెం పక్కన పెట్టారు. వాళ్ళ నాన్నగారు షుగరుందన్నారు, ఉప్మాకి షుగరుతో ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. అబ్బాయి మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం తిన్నాడు. మూడుసార్లు మంచినీళ్ళు అడిగాడు. మూడోసారి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ, "ఇంకో చెంబు కూడా తెచ్చి పెట్టండి, మీ నాన్నగారు నక్షత్రాల దగ్గరే ఉన్నారు ఇంకా" అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు. నేను వంటింట్లోకి వెళ్ళి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నాకు ఆ అబ్బాయి నచ్చాడు. మరీ ఇంత త్వరగా నచ్చితే బాగుండదేమోనని కాసేపు ఆగాను కూడా, అయినా నచ్చాడు.

వెళ్ళే ముందు వాళ్ళ నాన్నగారు అరుగు మీదే చెప్పేశారు.

"మాస్టారూ, మాకు అమ్మాయి నచ్చిందండి. మీ మాట చెబితే తాంబూలాలు పుచ్చుకుందాం."

నాన్న ముఖం వెలిగింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరు. "చాలా సంతోషమండి. రేపు చతుర్దశి, ఎల్లుండి అమావాస్య, ఆదివారం పాడ్యమి. సోమవారం విదియ, దివ్యంగా ఉంది. ఆ రోజు చెబుతాను."

వాళ్ళ నాన్నగారు కాస్త ఇబ్బందిపడ్డారు. "సోమవారం ఒంటిగంట బస్సుకి మేం గుడివాడ వెళ్ళాలండి. అక్కడో సంబంధం వాళ్ళకి వస్తామని ఎప్పుడో చెప్పి ఉన్నాం. మీరు ఈలోపు మాట చెబితే అది మానుకుంటాం. ఏమీ చెప్పకపోతే మీకిష్టం లేదనుకుంటాం, తప్పుగా అనుకోకండి."

"ఒంటిగంటదాకా ఎందుకండీ, పదకొండూ అయిదుకి వర్జ్యం వదులుతుంది. పన్నెండున్నరకి దుర్ముహూర్తం వస్తుంది. ఆ మధ్యలో బోలెడు టైముంది" అన్నారు నాన్న.

వాళ్ళు మలుపు తిరగ్గానే అమ్మ అందుకుంది. "మగపెళ్ళివాళ్ళు నోరు తెరిచి ఔనంటుంటే ఆడపిల్ల తండ్రి గడువడగడం ఎక్కడైనా ఉందా? నలుగురూ వింటే నవ్వుతారు."

"అమావాస్య ముందర మాటిస్తే ఆ మాట నిలబడుతుందా?" అన్నారు నాన్న. అంతే, అయిపోయింది.

సోమవారమే నేనూ నాన్నా హైదరాబాదు బయల్దేరాలి. మంగళవారం పొద్దున ఒక స్కూల్లో నాకు ఇంటర్వ్యూ. సోమవారం ఆ వేళకి మేం రైల్లో ఉంటాం కాబట్టి అమ్మని ఊళ్ళో టెలిఫోన్ బూతు నుంచి చేసి చెప్పమనొచ్చు. నేను అమ్మతో అనిపించాను. నాన్న ఒప్పుకోలేదు. మాట ఇంటి పెద్ద నోటి నుంచి రావాలట, మంచి ఘడియలో రావాలట. "రైల్లో ఉంటే ఏం? జేబులో ఫోనుంది" అన్నారు. అదీగాక రైల్లో వాస్తు దోషం ఉండదు కదా అని ఆయన ధీమా.

నా ఇష్టం ఏంటని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను తక్కువచేసి కాదు, ఆ ప్రశ్న ఒకటుందనే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనేమీ నోరులేనిదాన్ని కాదు. పాలవాడు నీళ్ళు కలిపితే వీధి చివరికెళ్ళి కడిగేసేదాన్ని. కానీ ఈ ఒక్క సంగతిలో నా నోరు పెగల్లేదు. అయినా సోమవారం నాన్న ఫోన్ చేస్తారు, ఔనంటారు, అయిపోతుంది, మధ్యలో నేనెందుకు అనుకున్నాను.

సోమవారం మధిర స్టేషన్లో గంటన్నర ముందున్నాం. నాన్న రుమాలు విప్పి ఫోను చూసి, "చూశావా, గీతలన్నీ నిండుగా ఉన్నాయి" అన్నారు. రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీట్లు దొరికాయి. ఖమ్మం చేరేసరికి పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ.

ఖమ్మంలో రైలు అయిదు నిమిషాలు ఆగింది. ఫోన్లో గీతలన్నీ ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద గొడవ లేదు. నేను ఇంక ఉండబట్టలేక, "నాన్నా, చేసేయండి" అన్నాను.

"ఇంకా ఏడు నిమిషాలుంది వర్జ్యం."

"ఏడు నిమిషాలకి ఏమవుతుంది నాన్నా?"

"విషం ఎంతుంటే ఏంటి, చుక్క చాలదూ?" అన్నారు గడియారం మీంచి చూపు తిప్పకుండా.

రైలు కదిలింది. పదకొండూ అయిదయింది. నేను ఆయన వైపు చూశాను. "గడియారం ఒక నిమిషం అటూ ఇటూ ఉండొచ్చు. ఇంకో అయిదు నిమిషాలు ఆగి చేస్తే నిక్కచ్చిగా ఉంటుంది" అన్నారు. ఊరి ఇళ్ళు అయిపోయాయి. పదకొండూ పదికి ఆయన కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, జేబు పుస్తకంలోంచి నూజివీడు నంబరు చూసి ఒక్కొక్క అంకే నొక్కారు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. తీసి చూశారు. మళ్ళీ పెట్టుకున్నారు. గీతల్లో ఒక్కటీ లేదు. కిటికీ బయట పత్తిచేలు, మిరపచేలు, వాటి వెనక ఇంకా పత్తిచేలు.

"అందదండి. ఇక్కడ అందదు" అన్నాడు ఎదురు సీటాయన. యాభై ఏళ్ళుంటాయి, ఒళ్ళో టిఫిను డబ్బా. టెలిఫోన్లలో పనిచేస్తానని, వరంగల్లు పోతున్నానని చెప్పాడు.

"మధిరలో నిండుగా ఉంది కదండీ" అన్నారు నాన్న, ఆయనే ఏదో చేసినట్టు.

"మధిర ఊరండి. టవరు జనం ఉన్నచోట పెడతారు గానీ పట్టాల పక్కన ఎవరు పెడతారు? ఈ పత్తిచేలకి ఫోనెందుకు చెప్పండి? ఊరికో టవరుంటే దాని చుట్టూ కొంత దూరం పలుకుద్ది. రెండూళ్ళ మధ్యన ఏదీ పలకదు. పైగా మనం కూర్చుంది ఇనుప డబ్బాలో. వచ్చే కాస్తా ఆ గోడల్లోనే సగం ఆగిపోద్ది."

"అయితే తలుపు దగ్గరికెళ్తే?"

"కాస్త నయం. కానీ ఇంకోటుందండి. మీరు మాట్లాడతా ఉండగా రైలు ఒక టవరు దాటి ఇంకో టవరు కిందికొస్తది. మొదటి టవరు మీ మాటని రెండోదానికి అందియ్యాలి, చంటిపిల్లని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఇచ్చినట్టు. నడుస్తా ఉంటే ఇవ్వొచ్చు. ఇంత స్పీడులో పోతా ఉంటే అందుకునేలోపు జారిపోద్ది. అందుకే హలో అంటాం, కట్టయిపోద్ది."

నాన్న ముఖం విప్పారింది. నాకు భయమేసింది, ఆ ముఖం నాకు తెలుసు. "అంటే సంధి అన్నమాట. గ్రహం ఒక రాశి వదిలి ఇంకో రాశిలోకి పోయేటప్పుడు మధ్యలో ఎటూ కాని కాలం ఉంటుంది. అప్పుడు ఏ పనీ తలపెట్టకూడదని శాస్త్రం. చూశారా, పూర్వులకి ఇవన్నీ తెలుసు."

"సెల్‌ఫోన్ల సంగతి కూడా తెలుసంటారా?" అన్నాడాయన.

"సూత్రం తెలుసు" అన్నారు నాన్న.

వాళ్ళిద్దరూ అలా స్నేహితులైపోయారు. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పదకొండున్నరకి దోర్నకల్లు వచ్చింది. గీతలు వచ్చాయి. నాన్న నంబరు నొక్కారు, ఫోనులో ఎవరో అమ్మాయి లైన్లన్నీ బిజీగా ఉన్నాయంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆ అమ్మాయే.

"అంతేనండి మరి. ఖమ్మం దగ్గర్నించి నోరు కట్టుకుని కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారే మొదలుపెట్టారు. రైలు రైలంతా ఒకే టవరు మీద పడితే అది మాత్రం ఏం చేస్తది?" అన్నాడు టెలిఫోనాయన. నిజమే, బోగీలో ఎటు చూసినా అందరూ ఒక చెవి మూసుకుని హలో హలో అంటున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

నాన్న పంచె ఎగ్గట్టి ప్లాట్‌ఫారం మీదికి దూకారు. అక్కడ టెలిఫోన్ బూతు ఒకటుంది. దాని ముందు అయిదుగురున్నారు. ఆయన వాళ్ళని బతిమాలుకుని ముందుకెళ్ళాలి, కానీ మా నాన్నకి బతిమాలడం రాదు, సందర్భం వివరించడం వచ్చు. తిథి దగ్గర మొదలుపెట్టినట్టున్నారు. చేతులు తిప్పుతూ చెబుతుంటే ముందున్నాయన తలూపుతూ వింటున్నాడు, జరగడం మాత్రం లేదు. రైలు కూత వేసింది. నాన్న వెనక్కి పరిగెత్తుకొచ్చారు. టెలిఫోనాయన చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఒక చెప్పు దోర్నకల్లులో ఉండిపోయింది.

"బూతు ముందున్నాయన కూతురికి కూడా ఈ మాఘంలోనే చెయ్యాలట. జాతకం పంపమన్నాను" అన్నారు రొప్పుతూ. నేను కిటికీ వైపు తిరిగాను. నోరు తెరిస్తే చాలా అనాల్సి వచ్చేది.

మహబూబాబాదులో అవతల ఫోను మోగింది. ఎవరో ఎత్తారు. నాన్న గొంతు సవరించుకుని, "శ్రీరస్తు, శుభమస్తు" అన్నారు. అసలు మాటకి ముందు అది అనాలని పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రెండు మాటలయ్యేసరికి రైలు కదిలింది, లైను తెగింది. ఎత్తినవాళ్ళకి అవి కూడా అందాయో లేదో. నాకు కళ్ళ వెంబడి నీళ్ళొచ్చాయి. కోపంతో వచ్చినవే ఎక్కువ.

అప్పుడే మహబూబాబాదులో ఎక్కిన ఒక ముసలావిడ నా పక్కన సర్దుకుని కూర్చుంది. నాన్న, టెలిఫోనాయన తలుపు దగ్గరికి పోయారు, అక్కడేమైనా పలుకుతుందేమోనని. ముసలావిడ నన్ను కాసేపు చూసి, "ఏంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?" అంది. సంగతంతా చెప్పాను. వర్జ్యం, ఖమ్మం, ఒంటిగంట బస్సు, గుడివాడ సంబంధం, అన్నీ. ఆవిడ అంతా విని, "అదంత సరే. పిలగాడు నీకు నచ్చిండా?" అంది.

వారం రోజుల నుంచి మా ఇంట్లో ఆ అబ్బాయి నక్షత్రం, నాడి, గోత్రం, మేనమామ ఉద్యోగం అన్నీ మాట్లాడుకున్నారు. ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈవిడే. పేరు కూడా తెలియని మనిషి.

"నచ్చాడు" అన్నాను.

"మరి నీ నోరుకేమయింది? చెప్పరాదు?" అంది ఆవిడ, అదేదో సంచిలోంచి తీసివ్వడమంత తేలికైనట్టు.

కేసముద్రం పోయింది. నెక్కొండ పోయింది. తలుపు దగ్గర నాన్న ఫోను బయటికి పెట్టి గాల్లో అటూ ఇటూ ఊపుతున్నారు. టెలిఫోనాయన వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. పన్నెండున్నరయింది. నాన్న తిరిగొచ్చారు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. ముఖం వాడిపోయింది.

"దుర్ముహూర్తం వచ్చేసిందమ్మా. ఒంటిగంటా పద్దెనిమిది దాకా ఉంటుంది. అప్పుడు చేద్దాం."

"ఒంటిగంటకి వాళ్ళు బస్సెక్కుతారు నాన్నా."

"ఏం చెయ్యను మరి? తెలిసి తెలిసి దుర్ముహూర్తంలో నీ పెళ్ళి మాట ఎలా చెప్పను?" ఆయనకి బాధ లేదని కాదు. నా మంచి కోసమే అదంతా, అందుకే నాకు ఇంకా మండింది. ఫోను రుమాలుతో సహా నా ఒళ్ళో పెట్టి, "ఇంక దీంతో పనేముంది" అని మళ్ళీ తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

పది నిమిషాలకి రైలు నెమ్మదించింది. వరంగల్లు దగ్గర పడుతోంది. దూరంగా ఇళ్ళు కనిపించాయి. ఒళ్ళో ఫోను మోగింది.

రుమాలు విప్పి చూశాను. నూజివీడు నంబరు. నాన్న వీపు ఇటు వైపుంది, గాలి హోరులో ఆయనకి వినపడలేదు. పిలిస్తే వస్తారు. వస్తే ఎత్తరు. పన్నెండూ నలభై ఒకటి. ముసలావిడ మోచేత్తో పొడిచింది. నేను ఎత్తాను.

"మాస్టారూ?"

"నాన్నగారు తలుపు దగ్గరున్నారండి. నేను."

"అమ్మా, నువ్వా. పొద్దున్నుంచి చూస్తున్నాం. ఎవరో చేసి పెట్టేశారు, మీరేనేమో అనుకున్నాం. మేం బస్టాండుకి బయల్దేరుతున్నామమ్మా. మీకిష్టం లేదనుకోమంటావా?"

"లేదండి, ఇష్టమేనండి."

"నాన్నగారికా?"

"నాకండి" అన్నాను.

అవతల చప్పుడు లేదు. కట్టయిందేమోనని నాకు ప్రాణం పోయింది. ఇంకా గట్టిగా చెప్పాను, మా నాన్న హైదరాబాదుతో మాట్లాడినట్టే. "నాకు మీ అబ్బాయి నచ్చాడండి. నాన్నగారికీ ఇష్టమే. ఆయనకి టైము కుదరలేదు, అంతే."

అప్పుడు నిజంగానే కట్టయిపోయింది. తలెత్తి చూస్తే బోగీ అంతా నన్నే చూస్తోంది. బఠానీలు అమ్మేవాడు కూడా ఆగిపోయి చూస్తున్నాడు. అందరికంటే వెనక నాన్న నిలబడి ఉన్నారు.

"ఎవరు?" అన్నారు దగ్గరికొచ్చి.

"నూజివీడు వాళ్ళు."

"ఏం చెప్పావు?"

"ఇష్టమని చెప్పాను."

ఆయన గడియారం చూసుకున్నారు. నాకు తెలిసి ఆయన జీవితంలో ఎవరినీ ఆ ఘడియలో మంచి మాట చెప్పనివ్వలేదు. తిడతారనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి ఖమ్మం దగ్గర్నించి పోగేసుకున్న మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన నా ఎదురుగా కూర్చుని, "నీకు నిజంగా ఇష్టమేనా?" అన్నారు.

"ఇప్పుడా నాన్నా అడిగేది?" అన్నాను. పోగేసుకున్నవాటిలో ఒక్క మాటా రాలేదు, ఏడుపొచ్చింది.

"నక్షత్రం చూశాను, నాడి చూశాను, వాళ్ళ మూడు తరాలు చూశాను. నిన్ను అడగాలని తోచలేదమ్మా." ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"ఇప్పటికన్న అడిగినవ్ సారూ, సంతోషం" అంది ముసలావిడ, బఠానీలు నములుతూ.

వరంగల్లులో రైలు ఆగింది. గీతలన్నీ వచ్చాయి. నా మాట వాళ్ళకి పూర్తిగా చేరిందో లేదో తెలియదు. ఒంటిగంటకి పది నిమిషాలుంది. నాన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, దుర్ముహూర్తం నడుస్తుండగా, నూజివీడు నంబరు నొక్కారు. ఆ క్షణంలో నాకు ఆయన మీద పొద్దుటి నుంచి ఉన్న కోపమంతా పోయింది. ఇన్నేళ్ళలో ఆయన నాకోసం చేసినవాటిలో అంతకంటే పెద్దది ఇంకోటి లేదు.

అవతలి గొంతు నాక్కూడా వినపడింది. "మాస్టారూ, అమ్మాయి చెప్పేసిందిగా. మేం చెప్పులు విప్పేసి ఇంట్లోకొచ్చేశాం. మావాడు మరీ రెండోసారి స్నానానికి పోయాడు, ఎందుకో తెలీదు."

"సంతోషమండి. అయినా ఇంటి పెద్దగా నేనూ ఒక మాట..." అన్నారు నాన్న. "శ్రీరస్తు" అనగానే రైలు కదిలింది. మళ్ళీ తెగింది. ఆ మాట ఆయన ఇవ్వనే లేదు. తాంబూలాలయ్యాయి, పెళ్ళయింది, మాకు పిల్లలు పుట్టారు, ఇప్పటికీ మా మామగారు అప్పుడప్పుడూ, "మీ మాట కోసం చూస్తున్నాం మాస్టారూ" అని ఏడిపిస్తుంటారు.

పెళ్ళయిన కొన్ని నెలలకి నేను తిరువూరు వెళ్ళాను. సాయంత్రం అరుగు మీద నెమలి అనే ఊరి నుంచి వచ్చిన పెద్దాయనొకరు కూర్చున్నారు. కూతురికి సంబంధం కుదిరేట్టుందని, అవతలివాళ్ళకి మాట చెప్పడానికి మంచి ఘడియ కావాలని అడుగుతున్నారు. నాన్న పంచాంగం ఒళ్ళో పెట్టుకున్నారు గానీ తెరవలేదు.

"అమ్మాయిని అడిగారా?" అన్నారు.

పెద్దాయన నవ్వారు. "దాన్నడిగేదేముందండి మాస్టారూ, చిన్నపిల్ల. మీరు టైము చెప్పండి."

నాన్న పంచాంగం తీసి పక్కన పెట్టేశారు. "అడిగి రండి" అన్నారు. "టైముకేముంది, రేపు కూడా ఉంటుంది."